సీటు అలాట్ అయ్యాక మొదటి మిడ్ దాకా: బీటెక్, డిగ్రీలో కొత్తగా చేరేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఈఏపీసెట్ సీట్ల కేటాయింపు వచ్చిన రోజు నుంచి, దోస్త్ (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల పోర్టల్) లిస్టు వచ్చిన రోజు నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తుంది: “సీటు వచ్చింది సార్, ఇప్పుడేం చేయాలి?” ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసే విషయం కాదిది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో బీటెక్, డిగ్రీ మొదటి ఏడాదిలో చేరబోయే పిల్లల కోసం, ముఖ్యంగా ఇంట్లో అందరికన్నా ముందు కాలేజీ గడప తొక్కుతున్నవాళ్ల కోసం.

రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలో నిద్ర లేవడం దగ్గర్నుంచి స్టడీ అవర్ దాకా అన్నీ వాళ్లే చూసుకున్నారు. ఇక్కడ అలా ఉండదు. ఫీజు ఆఖరి తేదీ, స్కాలర్‌షిప్ గడువు, మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) షెడ్యూలు నోటీసు బోర్డు మీద పెడతారు. చూసుకోవడం మీ వంతు. కాబట్టి ఇక మీదట మూడు అలవాట్లు కావాలి: తెలియనిది అడగడం, తేదీ రాసుకోవడం, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవడం.

పనుల వరస కూడా ముఖ్యమే. కాగితాలు, సీటు, డబ్బు, ఉండే చోటు, చదువు. చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ కొనడంతో మొదలుపెడతారు. అది చివరి పని.

1. ముందు కాగితాలు: పేర్లు సరిచూసుకోండి

సర్టిఫికెట్లు ఉన్నాయా లేవా అన్నది రెండో ప్రశ్న. వాటిలో పేరు ఒకేలా ఉందా అన్నది మొదటిది.

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఒక్కో అక్షరం చూడండి. టెన్త్ మెమోలో ‘కొప్పుల సాయికిరణ్’ అని ఉండి, ఆధార్‌లో ‘కె సాయి కిరణ్’ అని ఉందనుకోండి. ఇంట్లోవాళ్లకు అది చిన్న తేడా. కానీ తెలంగాణ ఈపాస్‌లో స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేసేటప్పుడు టెన్త్ వివరాలను ఆధార్‌తో పోల్చి చూస్తారు. పేరో, పుట్టిన తేదీయో కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అప్పటికి క్లాసులు మొదలైపోతాయి, ఆధార్ సెంటర్‌కీ కాలేజీకీ మధ్య తిరగడానికే రోజులు పోతాయి.

తేడా కనిపిస్తే ఆధార్‌నే టెన్త్ మెమోకి తగ్గట్టు మార్చండి. టెన్త్ మెమోలో పేరు మార్పించడం చాలా పెద్ద పని, దాని జోలికి పోవద్దు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది. అందుకని సెంటర్‌లో ఆపరేటర్ టైపు చేశాక, సరే అనేముందు తెర మీద స్పెల్లింగ్ మీరే చదవండి. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు ఇంకా వాడుకలో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. నాన్న ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరుకు ఓటీపీలు వెళ్తుంటే ఏ పనీ ముందుకు సాగదు.

ఫైల్లో ఉండాల్సినవి:

- టెన్త్, ఇంటర్ మెమోలు
- ఇంటర్ కాలేజీ ఇచ్చిన టీసీ
- ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు (లోకల్ అవునా కాదా తేల్చేది ఇవే)
- హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, సీటు అలాట్‌మెంట్ ఆర్డర్
- కుల ధ్రువీకరణ పత్రం. అవసరమైనవారికి ఈడబ్ల్యూఎస్ పత్రం
- ఆదాయ ధ్రువీకరణ పత్రం
- ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు
- సీబీఎస్ఈ లేదా వేరే రాష్ట్రపు బోర్డులో చదివినవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్

ఆదాయ పత్రం పాతది పనికిరాదు. తెలంగాణ కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత తహసీల్దార్ జారీ చేసింది అడుగుతారు. మీసేవలో జూన్, జూలైల్లో రద్దీ ఎక్కువ. ఫలితాల కోసం ఎదురుచూడకుండా ముందే దరఖాస్తు పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.

ఒరిజినల్స్ ఎవరి చేతిలో పెట్టేముందైనా అయిదారు జిరాక్స్ సెట్లు తీయించండి. ఫోన్లో స్కాన్ చేసి పెట్టుకోండి. కాలేజీ ఒరిజినల్స్ తీసుకుంటే, ఏమేం తీసుకున్నారో రాసి, ముద్ర వేసిన రసీదు అడగండి. సరిచూశాక ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. టీసీ సంగతి వేరు, అది కాలేజీలోనే ఉంటుంది.

2. సీటు నిలబెట్టుకోండి

సీటు అలాట్ అయినంత మాత్రాన అది మీది అయిపోయినట్టు కాదు. ఈఏపీసెట్‌లో వెబ్‌సైట్‌లో లాగినై, కట్టాల్సిన ట్యూషన్ ఫీజు ఉంటే కట్టి, గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ (ఈ సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్‌లోనే నమోదు) చేయాలి. తర్వాత చెప్పిన తేదీల్లో కాలేజీకి స్వయంగా వెళ్లి రిపోర్ట్ చేయాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా సీటు రద్దవుతుంది.

దోస్త్‌లోనూ అంతే, ముందు ఆన్‌లైన్‌లో సీటు రిజర్వ్ చేసుకుని, తర్వాత కాలేజీకి వెళ్లాలి. చేరేటప్పుడు కాలేజీలో అడిగే ఓటీపీ ఒకటి ఉంటుంది. మీరు నిజంగా చేరాలనుకున్న కాలేజీలో, కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నప్పుడే ఆ నంబరు చెప్పండి. “మీ ఫోన్‌కి ఒక నంబరొచ్చింది, చెప్పండమ్మా” అని ఎవరైనా ఫోన్ చేసి అడిగితే చెప్పొద్దు. మీకు తెలియకుండానే వేరేచోట చేరిపోయినట్టు నమోదయ్యే ప్రమాదముంది.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు ఓఏఎండీసీ ద్వారా జరుగుతాయి. పోర్టల్ వేరైనా జాగ్రత్తలు ఇవే.

3. డబ్బు లెక్క కాగితం మీద వేయండి

అమ్మానాన్నలతో కలిసి ఒక సాయంత్రం కూర్చోండి. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి ‘ఫర్వాలేదు, కట్టగలం’ అనుకోవద్దు. ఈ వరసలన్నీ రాయండి: ట్యూషన్ ఫీజు, యూనివర్సిటీ ఫీజులు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, కాలేజీ బస్సు, హాస్టల్ అద్దె, హాస్టల్ అడ్వాన్సు, తిండి, ప్రయాణాలు, పుస్తకాలు. ఏది ఒక్కసారి కట్టేది, ఏది ఏటా కట్టేది, ఏది నెలనెలా వచ్చేది అని పక్కన గుర్తు పెట్టండి. అడ్వాన్సు, కాషన్ డిపాజిట్ లాంటివి చివర్లో తిరిగి ఇస్తారా లేదా, ఎంత కోసుకుంటారు అన్నది కట్టేముందే అడగండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి తెలంగాణలో ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసి, మీసేవలో వేలిముద్ర వేసి, ఆ ప్రింటుతో పాటు జిరాక్స్‌లు కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి. ఇందులో ఎక్కువమంది తప్పేది చివరి మెట్టు. ఆన్‌లైన్‌లో పెట్టాం కదా అని ప్రింటు ఇవ్వరు. ఇచ్చాక నాలుగు రోజులకోసారి దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. రెండో ఏడాది మళ్లీ రెన్యువల్ చేయాలి, దానంతటది జరగదు.

బకాయిల విడుదల ఆలస్యం కావడం రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నదే. అందుకే చేరేరోజునే అడగండి: “రీయింబర్స్‌మెంట్ రావడం ఆలస్యమైతే ఈలోగా మమ్మల్ని కట్టమంటారా?” జవాబు నోటిమాటగా కాకుండా ఫీజు కాగితం మీద రాయించుకోగలిగితే మంచిది. చదువయ్యాక సర్టిఫికెట్లు తీసుకునేటప్పుడు వచ్చే గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

బ్యాంకు ఖాతా గురించి ఒక మాట. చేరేనాటికి చాలామందికి పదిహేడేళ్లే ఉంటాయి, ఖాతా మైనర్ ఖాతాగా ఉంటుంది. పద్దెనిమిది నిండగానే బ్యాంకుకెళ్లి కేవైసీ ఇచ్చి మేజర్ ఖాతాగా మార్పించండి, లేదంటే లావాదేవీలు ఆగిపోతాయి. స్కాలర్‌షిప్ డబ్బులు ఆధార్ సీడింగ్ అయిన ఖాతాలోకే వస్తాయి. ఖాతాకు ఆధార్ నంబరు ఇవ్వడం వేరు, సీడింగ్ వేరు. ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాలోనే పడాలని ఎన్‌పీసీఐ అనే చెల్లింపుల సంస్థ దగ్గర నమోదు కావడమే సీడింగ్. బ్యాంకులో ‘ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి’ అని స్పష్టంగా అడగండి.

అప్పు తప్పదనుకుంటే ముందు విద్యా రుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్ చూడండి, మీ ఊరి బ్యాంకు బ్రాంచిలో అడగండి. బయట వడ్డీకి తెచ్చేముందు ఈ దారి తప్పకుండా ప్రయత్నించండి. కాలేజీ ఇచ్చే ఫీజు స్ట్రక్చర్, అడ్మిషన్ లెటర్ ఉంటేనే బ్యాంకు మాట్లాడుతుంది. కాబట్టి చేరిన రోజే ఆ రెండూ తీసుకోండి.

4. కాలేజీ ఎక్కడుందో వెళ్లి చూడండి

‘హైదరాబాద్ కాలేజీ’ అనుకుని చేరితే అది ఇబ్రహీంపట్నం దాటాకనో, ఘట్‌కేసర్ అవతలో, మొయినాబాద్ దారిలోనో ఉండొచ్చు. క్లాసులు మొదలయ్యేలోపు ఒక పనిదినాన, పొద్దున కాలేజీ వేళకి, రోజూ ఎక్కబోయే బస్సులోనే వెళ్లి చూడండి. ఆదివారం బండి మీద వెళ్లి చూస్తే అసలు సంగతి తెలియదు. గంటన్నర ప్రయాణం అటూ ఇటూ అయితే రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. అలాంటప్పుడు కాలేజీ దగ్గరి హాస్టలే మేలు.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడపిల్లలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. కాలేజీ బస్సుకి ఏడాది మొత్తం కట్టేముందు ఈ లెక్క కూడా చూసుకోండి.

ప్రైవేటు హాస్టల్ చూసేటప్పుడు గది కన్నా ముందు ఇవి చూడండి:

- రాత్రి భోజనం వేళకి వెళ్లి ఒక పూట తినండి
- బాత్రూంలో కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో చూడండి, వేసవిలో ట్యాంకరు మీద ఆధారపడతారా అని ఉంటున్నవాళ్లను అడగండి
- గదికి ఎంతమంది, తాళం వేసుకునే అల్మరా ఉందా
- నెల మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు ఎంత ఇస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి
- మంటలు వస్తే దిగడానికి మెట్లు ఖాళీగా ఉన్నాయా, సామాన్లతో మూసేశారా

ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు చాలా పట్టణాల్లో ఉన్నాయి. సీటు కన్‌ఫర్మ్ అయిన వారంలోనే జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులో దరఖాస్తు అడగండి. ఆలస్యమైతే ఖాళీలు ఉండవు.

5. కొనేవి, ఆగి కొనేవి

ఇప్పుడే కొనండి: నోటుబుక్కులు, మందపాటి ఫైలు, దుప్పటి, తాళం, బకెట్, ఒక జత ఫార్మల్ బట్టలు, రోజూ వేసుకునే మందులు.

ఆగండి: ల్యాప్‌టాప్, మినీ డ్రాఫ్టర్, డ్రాయింగ్ బోర్డు, ల్యాబ్ ఏప్రన్, క్యాలిక్యులేటర్, టెక్స్ట్‌బుక్కులు. ఏ మోడల్ కావాలో సార్లు క్లాసులో చెప్తారు. డ్రాఫ్టర్లు, పుస్తకాలు సీనియర్ల దగ్గర సగం ధరకే దొరుకుతాయి. మొదటి సెమిస్టర్ ప్రోగ్రామింగ్‌కి కాలేజీ ల్యాబ్ చాలు. అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనాల్సిన అవసరం ఆ నెలలో ఎవరికీ లేదు.

6. చదువుకి సిద్ధం కావడం

నేను అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలనుకునేది ఇక్కడే. ఎంట్రెన్స్ అయ్యాక రెండు నెలలు పుస్తకం ముట్టకుండా వచ్చినవాళ్లకి మొదటి నెల చాలా కష్టంగా గడుస్తుంది. రోజుకి గంట చాలు, మొత్తం సిలబస్ అక్కర్లేదు.

బీటెక్‌లో చేరేవాళ్లు: ఇంటర్ 1ఏ నుంచి మాత్రికలు, 1బీ నుంచి అవకలనం, 2బీ నుంచి సమాకలనం తిరగేయండి. జేఎన్టీయూ హైదరాబాద్‌లో 2022లో వచ్చిన ఆర్22 రెగ్యులేషన్ (ఒక బ్యాచ్‌కి వర్తించే సిలబస్, పరీక్షల నిబంధనలు) ప్రకారం మొదటి లెక్కల పేపరు మాత్రికలతోనే మొదలయ్యేది. మొదటి యూనిట్‌లో వచ్చే ‘ర్యాంకు’ని ఇప్పుడే ఒకసారి చేసి చూడండి. మూడు వరసలు రాయండి: 1, 2, 3, తర్వాత 2, 4, 6, తర్వాత 1, 1, 1. రెండో వరసలోంచి మొదటి వరసకి రెట్టింపు తీసేస్తే అన్నీ సున్నాలే. మూడో వరసలోంచి మొదటిది తీసేస్తే 0, మైనస్ 1, మైనస్ 2. సున్నా కాని వరసలు రెండే మిగిలాయి, కాబట్టి ర్యాంకు 2. ఇంత తెలిసి క్లాసులో కూర్చుంటే సారు చెప్పేది కొత్త భాషలా అనిపించదు.

ప్రోగ్రామింగ్: భయపడేవాళ్లు కంప్యూటర్ లేకుండానే మొదలుపెట్టొచ్చు. 1 నుంచి 5 దాకా కూడే లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) ఉందనుకోండి. కాగితం మీద రెండు గడులు గీయండి, ఒకటి ఇప్పటి అంకెకి, ఒకటి మొత్తానికి. లూప్ తిరిగిన ప్రతిసారీ విలువలు రాయండి. మొత్తం గడిలో 1, 3, 6, 10, 15 అని వస్తాయి. ప్రోగ్రాం తప్పు ఇచ్చినప్పుడు ఎక్కడ తప్పిందో పట్టుకోవడం ఈ గడుల అలవాటుతోనే వస్తుంది. కోడ్ బట్టీ పట్టినవాళ్లకి ల్యాబ్ ఎగ్జామ్‌లో ప్రశ్న కొంచెం మార్చి ఇస్తే చేతులాడవు.

తెలుగు మీడియం నుంచి వచ్చేవాళ్లు: క్లాసు ఇంగ్లిష్‌లో సాగుతుంది. అర్థం కాని మాట వినగానే చెవికి ఎలా వినబడితే అలా తెలుగు లిపిలోనే నోట్స్ అంచున రాసేయండి. స్పెల్లింగ్ కోసం ఆగితే తర్వాతి రెండు వాక్యాలు పోతాయి. ఆ సాయంత్రమే పుస్తకంలో ఆ మాట వెతికి, స్పెల్లింగ్ పక్కన రాసి, అర్థం మీ సొంత తెలుగులో ఒక వాక్యం రాయండి. మర్నాటికి దొరకనిది సారుని అడగండి. పరీక్షలో మాత్రం ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి ప్రతి టాపిక్‌కీ నిర్వచనం ఒక్కటి ఇంగ్లిష్‌లో చూడకుండా రాయడం మొదటి వారం నుంచే అలవాటు చేసుకోండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

బీకాం, బీఎస్సీ, బీఏ: చేరేముందు సబ్జెక్టుల కాంబినేషన్ మరోసారి చూసుకోండి. పీజీ ఎంట్రెన్స్‌కి కొన్ని సబ్జెక్టులు డిగ్రీలో చదివి ఉండాలని అడుగుతారు. స్నేహితుడు తీసుకున్నాడని తీసుకున్న కాంబినేషన్ మూడేళ్ల తర్వాత దారి మూసేస్తుంది.

7. మొదటి వారం

బీటెక్‌లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) చెప్పిన ఇండక్షన్ ప్రోగ్రాం, అంటే కొత్తవాళ్లకు కాలేజీని పరిచయం చేసే కార్యక్రమం ఉంటుంది. క్లాసులు కావు కదా అని ఊళ్లో ఉండిపోకండి. ఎవరు ఏ సబ్జెక్టు చెప్తారు, మెంటర్ ఎవరు, ఎగ్జామ్ బ్రాంచ్ ఎక్కడ, లైబ్రరీ కార్డు ఎలా అన్నవి ఆ రోజుల్లోనే తెలుస్తాయి. ఈ వారంలో ఇవి పూర్తి చేయండి:

- మీ బ్యాచ్ రెగ్యులేషన్ ఏదో కనుక్కుని, ఆ పీడీఎఫ్, సిలబస్, అకడమిక్ క్యాలెండర్ యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి దింపుకోండి
- క్యాలెండర్‌లోని మిడ్ తేదీలు గది గోడ మీద రాసి పెట్టండి
- డిజిలాకర్‌లో ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) తీసుకోండి, కాలేజీ అడుగుతుంది
- ఒక సీనియర్‌ని పరిచయం చేసుకోండి: “అక్కా, ఈ సబ్జెక్టు పాత పేపర్లు ఉన్నాయా?” అన్న ఒక్క మాట చాలు
- యాంటీ ర్యాగింగ్ అండర్‌టేకింగ్ ఆన్‌లైన్‌లో నింపండి

ర్యాగింగ్ విషయంలో మొహమాటం వద్దు. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది. ‘సరదాకి’ అంటూ మొదలైనా సరే, మీకు బాధ కలిగితే చెప్పండి. ముందు మెంటర్‌కి లేదా వార్డెన్‌కి, అదే రాత్రి ఇంట్లో. తల్లిదండ్రులకు ఒక విన్నపం: బిడ్డ ఫోన్లో ఎప్పటిలా మాట్లాడకపోతే ‘సర్దుకుపో’ అనకండి, వెళ్లి ఎదురుగా కూర్చుని అడగండి.

8. మొదటి నెల: హాజరు, ఇంటర్నల్స్

జేఎన్టీయూ హైదరాబాద్‌లో 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం, ఫీజుతో మినహాయింపు ఇవ్వొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్, అంటే సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు. సెమిస్టర్‌కి 90 పనిదినాలనుకుంటే మీ చేతిలో ఉన్నవి దాదాపు 22 రోజులు. బోనాలు, దసరా, బంధువుల పెళ్లిళ్లు, ఒక జ్వరం, శుక్రవారమే ఊరెళ్లి మంగళవారం రావడాలు కలిపితే అవి తెలియకుండానే అయిపోతాయి. నెలాఖరున హాజరు శాతం చూసి రాసుకోండి. జ్వరమొస్తే మందుల చీటీ, రిపోర్టు ఆ వారంలోనే ఆఫీసులో ఇవ్వండి, సెమిస్టర్ చివర్లో తెస్తే తీసుకోరు.

ఆర్22లో వందలో 40 ఇంటర్నల్ (మిడ్‌ల లాంటి కాలేజీలోని మార్కులు), 60 ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష). పాస్ కావాలంటే ఆ 60లో కనీసం 21, ఇంటర్నల్‌లో కనీసం 14, మొత్తం మీద 40 రావాలి. మొదటి మిడ్‌ని తేలిగ్గా తీసుకున్నవాళ్లు తర్వాత చివరి పరీక్షలో ఆ లోటు పూడ్చుకోలేక సతమతమవుతారు. మీది వేరే యూనివర్సిటీ గానీ, ఆర్22 తర్వాతి రెగ్యులేషన్ గానీ అయితే ఈ అంకెలు మారొచ్చు, మీ రెగ్యులేషన్‌లో చూసుకోండి. ల్యాబ్ రికార్డు ఏ వారానిది ఆ వారమే రాసి సంతకం చేయించుకోండి.

9. ఏదైనా తప్పితే

టీసీ పోయింది: ముందు పోలీస్ స్టేషన్‌లో లేదా మీసేవలో ఫిర్యాదు, తర్వాత పాత కాలేజీలో డూప్లికేట్‌కి దరఖాస్తు. కొత్త కాలేజీకి విషయం రాసిచ్చి గడువు అడగండి.

స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది: గడువు పొడిగించడం మామూలే. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో పేరు రాయించి, పోర్టల్ రోజూ చూడండి. ఈలోగా కాగితాలన్నీ సిద్ధంగా ఉంచండి.

మొదటి మిడ్‌లో మార్కులు రాలేదు: జవాబు పత్రం అడిగి చూడండి. ఏ ప్రశ్నకి ఎన్ని వేశారో చూసి, సారుని “ఇక్కడ ఏం రాయాల్సింది సార్?” అని అడగండి. అలా అడిగే పిల్లలను ఏ సారూ కసురుకోరు.

హాస్టల్ పడలేదు: నెల పూర్తి కాకముందే చెప్పండి. అడ్వాన్సు కాగితం తీసి షరతు చూసి, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి గది వెతుక్కోండి.

బ్రాంచి నచ్చలేదు: తెలంగాణ ఈఏపీసెట్‌లో ఆఖరి విడత తర్వాత అదే కాలేజీలో ఖాళీగా ఉన్న బ్రాంచికి మారే ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది. దానికి వేరే తేదీలుంటాయి, వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. సీటు వదులుకోవాలనుకుంటే మాత్రం రద్దుకి ఇచ్చిన గడువులోపే ఆన్‌లైన్‌లో చేయండి, ఆ రోజు దాటితే కట్టిన ఫీజులో కోత పడుతుంది. రద్దు రసీదు ప్రింటు తీసుకున్నాకే ఒరిజినల్స్ కోసం కాలేజీకి వెళ్లండి.